ఆదివారం వాక్యం చెప్పబోతున్న మా చిన్నోడికి

చిన్నోడా, ప్రభువు నామంలో వందనాలు.

వచ్చే ఆదివారం మందిరంలో వాక్యం నువ్వే చెబుతున్నావని, ఆకలి గురించి, తృప్తి గురించి చెబుతావని మీ అమ్మ ఫోన్ చేసింది. పెట్టేశాక సంతోషం పట్టలేక కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత టెన్షన్ మొదలైంది, రాత్రంతా నిద్ర లేదు, అందుకే రాస్తున్నాను.

ఇరవై నిమిషాలు దాటకు. వాక్యభాగం నిదానంగా రెండుసార్లు చదువు. మైకుకి మరీ దగ్గరగా నిలబడకు.

ఇక మూడు రోజులు పచ్చి మంచినీళ్లతో ఉపవాసముండి అప్పుడు నిలబడతానన్నావట. వద్దు నాన్నా. పోయినేడు ఈస్టరు ముందు వచ్చే శ్రమల దినాల్లో నువ్వు కళ్లు తిరిగి పడిపోయావు, మీ అమ్మ నా దగ్గర దాచినా నాకు తెలిసింది. ఒక్క పూట ఉండు, సాయంత్రం అన్నం తిను, ఇందులో నాతో వాదించకు.

మత్తయి 5:6లో నీతికొరకు ఆకలిదప్పులు గలవారు ధన్యులు అన్నాడు యేసు. యోహాను 6:35లో నాయొద్దకు వచ్చువాడు ఏమాత్రమును ఆకలిగొనడు అన్నాడు. మరి ఆకలి ఉండాలా, పోవాలా అని నిన్ను ఎవరో ఒకరు అడుగుతారు. అడగనీ. నేను పడింది అక్కడే.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. గురువారం స్త్రీల కూడికలో యోహాను 6 తీసుకున్నాను. అయిదు రొట్టెలతో అయిదువేలమంది తిన్న మర్నాడు, మళ్లీ రొట్టె కోసం పడవలెక్కి కపెర్నహూము దాకా వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు చెప్పిన మాట అది. ఆ సంగతి ఒక్క ముక్క చెప్పకుండా, గొంతు పెంచి, "నీకింకా ఆకలిగా ఉందంటే నువ్వింకా ఆయన దగ్గరికి రానట్టే" అనేశాను. అందరూ ఆమెన్ అన్నారు. బాగా చెప్పాననుకున్నాను.

వెనక గోడకి ఆనుకుని ఒక ముసలామె కూర్చునేది. వారం వారం కొంగున పిడికెడు బియ్యం ముడేసుకుని తెచ్చేది, బుట్టలో పోసేముందు ఆ ముడి విప్పుతుంటే వేళ్లు వణికేవి. ఆ రోజు అందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ప్రార్థన చేసుకుని లేచినా ఇంకా కావాలనే ఉంటదమ్మా నాకు. నలభై ఏళ్లాయె. నేనింకా రాలేదంటావా?" అంది. నేను తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. "ఇంకా ప్రార్థన చెయ్యండి" అని పంపేశాను.

ఆ నెల రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్లకి ఆమె లేచి రాలేదు. పై నెలా రాలేదు. ఎందుకో నాకు తెలుసు, అయినా ఆమె గడప తొక్కడానికి మూడు నెలలు పట్టింది, సిగ్గు. వెళ్లి ఆమె మంచం పక్కన కూర్చుని, దావీదు యూదా అరణ్యంలో ఉన్నప్పటి 63వ కీర్తన చదివాను. మొదటి వచనంలో నా ప్రాణము నీకొరకు తృష్ణగొనియున్నది అంటాడు, అయిదో వచనానికి వచ్చేసరికి నా ప్రాణము తృప్తిపొందుచున్నది అంటాడు. మనిషి ఒక్కడే, యూదా అరణ్యమూ ఒక్కటే, ప్రార్థనా ఒక్కటే. ఆమె విని, "దావీదుకీ ఇట్లాగే ఉండేదా" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత బల్లకి వచ్చింది. కానీ ఆ మూడు నెలలు నేనామెకు తిరిగి ఇవ్వలేను కదరా.

అందుకే చెబుతున్నా, ఎవరితో అన్న మాటో ముందు చెప్పు. యోహాను 6:26 చూడు, రొట్టెలు తిని తృప్తి పొందారని ఉంది. మత్తయి 5:6లో తృప్తిపరచబడుదురు అన్నచోట గ్రీకులో ఉన్నదీ ఆ మాటే. రొట్టెల తృప్తి తెల్లారేసరికి అయిపోయింది. లూకా 6:25లో అయ్యో అన్నది కడుపు నిండింది, ఇంకేం అక్కర్లేదనుకున్నవాళ్లని. 1 పేతురు 2 కూడా తీసుకో, ప్రభువు దయాళుడని రుచి చూసినవాళ్లనే పసిబిడ్డల్లా వాక్యమనే పాలు కోరుకోమంటాడు. నువ్వు పసిబిడ్డప్పుడు రెండు గంటలకోసారి ఏడ్చేవాడివి. మీ అమ్మ పాలివ్వలేదనా? వేరే ఇంటికి పోయి ఏడవలేదు కదా, ఆమె ఒడిలోనే ఏడ్చావు. ఆకలిగొనడు అంటే నాకు అర్థమైంది అదే, ఆయన దగ్గరికి వచ్చాక ఇంకో గుమ్మం వెతుక్కునే పని ఉండదు.

ముందు వరసని చూసి మాట్లాడకు. శనివారం రాత్రి పెరుగన్నం తిని తొందరగా పడుకో. ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నా, వెనక గోడ దగ్గర కూర్చుంటాను.

మీ పెద్దమ్మ