పెళ్ళి వీసా గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

థాయ్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను, థాయ్‌లాండ్ వచ్చి ఉండిపోవడానికి ఏ వీసా తీసుకోవాలి అని అడిగిన నీ మెసేజ్ చదివి, మీ అత్తయ్యకు థాయ్‌లో చెప్పాను. ఆవిడ మొదట అడిగింది, అమ్మాయి ఏమంటోంది అని. ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో కాసేపట్లో రాస్తాను.

స్నేహితులు డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) తీసుకో, ఐదేళ్ళు టెన్షన్ ఉండదు అన్నారని రాశావు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. దాని గడువు ఐదేళ్ళు, వచ్చిన ప్రతిసారీ 180 రోజులు ఉండనిస్తారు. చూపించాల్సిన 5 లక్షల బాట్లు మన బ్యాంకులో ఉన్నా సరిపోతుంది. హైదరాబాద్ కంపెనీ పని ఇక్కడ కూర్చుని చేసుకునేవాడికి అది మంచి వీసానే. కానీ నువ్వు ఆ ఉద్యోగం మానేసి, ఖోన్ కేన్‌లో అత్తగారింటి దగ్గరే ఉండి, ఇక్కడి కంపెనీలో చేరతానంటున్నావు. డీటీవీ మీద థాయ్ కంపెనీలో పనిచెయ్యడానికి వీల్లేదు. అందుకే నీకు పెళ్ళి ఆధారంగా ఇచ్చే నాన్ ఇమిగ్రెంట్ ఓ వీసాయే సరైనదని నా అభిప్రాయం. దాని మీద ఉంటూ వర్క్ పర్మిట్ తెచ్చుకోవచ్చు. మూడేళ్ళు వర్క్ పర్మిట్ మీద పనిచేసి, పన్ను కట్టి ఉంటే, థాయ్ భార్య ఉన్నవాడికి పౌరసత్వం అడిగే దారి కూడా ఉంది. అప్పుడు మన పాస్‌పోర్టు వదులుకోవాలి కాబట్టి అది తొందరపడి తేల్చే విషయం కాదు. అయినా ఆ దారి మూసుకోకుండా ఉంచుకో.

సభ్యత్వం కొనుక్కుని ఇక్కడ ఉండే ప్రివిలేజ్ కార్డు ఊసెత్తావు. లక్షల బాట్లు సభ్యత్వానికి కట్టాలి, కట్టింది తిరిగిరాదు, ఉద్యోగం చెయ్యనివ్వదు. నీకు వద్దు.

ఇక అందరూ తికమకపడే చోటికి వస్తాను. ఇండియాలో థాయ్ ఎంబసీ నుంచి నీకు వచ్చేది 90 రోజుల వీసా మాత్రమే. ఏడాది పాటు ఉండనిచ్చేది ఇక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసు వేసే పొడిగింపు ముద్ర. దానికి 4 లక్షల బాట్లు థాయ్ బ్యాంకులో, నీ ఒక్కడి పేరు మీద, దరఖాస్తు పెట్టే రోజుకు రెండు నెలలుగా ఉండాలి. లేదంటే నెలకు 40,000 బాట్ల ఆదాయం చూపాలి. మొదటి ఏడాది నీకు ఆ ఆదాయం ఉండదు కాబట్టి డబ్బే దారి. లెక్క వేసి చూడు. 90 రోజుల్లో 60 రోజులు డబ్బు ఖాతాలో కూర్చోవడానికే పోతాయి. మిగిలిన 30 రోజుల్లో ఖాతా తెరవాలి, డబ్బు ఇండియా నుంచి రావాలి, కాగితాలు సిద్ధం కావాలి. బ్యాంకువాళ్ళు ఒక బ్రాంచిలో సరే అంటారు, పక్క బ్రాంచిలో కుదరదంటారు. విమానం దిగిన వారంలోపే అమ్మాయికి ఖాతా ఉన్న బ్రాంచికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. తను పక్కన ఉంటే సగం మాటలు తనే మాట్లాడుతుంది. జాయింట్ ఖాతా మాత్రం తెరవకు. డబ్బంతా నీదే అయినా పూర్తిగా నీ లెక్కలోకి తీసుకోరు.

డబ్బు పంపే విషయంలో ఇంకొకటి. 4 లక్షల బాట్లంటే ఇప్పటి రేటులో మన డబ్బు 10 లక్షలు దాటుతుంది. ఒకే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి పంపితే, దాటిన దాని మీద బ్యాంకు టీసీఎస్ అనే పన్ను ముందుగానే పట్టుకుంటుంది. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా నీ చేతిలో ఉండదు. మార్చిలో వస్తానన్నావు కాబట్టి, సగం మార్చి ఆఖరులో, సగం ఏప్రిల్ మొదటి రోజుల్లో పంపుకో. రెండో విడత ఆలస్యమైతే రెండు నెలల లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుందని మర్చిపోకు. ముద్ర చేతికి వచ్చేదాకా అందులోంచి ఒక్క బాటు కూడా తియ్యకు. వచ్చే ఏడాది మళ్ళీ చూపించాలి, అందుకని ఆ డబ్బు లేదనుకునే సంసారం నడుపుకోండి.

మీ పెళ్ళి హైదరాబాద్‌లో రిజిస్టర్ అయింది. ఆ సర్టిఫికెట్ ఉన్నదున్నట్టు ఇక్కడ చెల్లదు. బయల్దేరే ముందే దాని మీద మన విదేశాంగ శాఖ ముద్ర, తర్వాత థాయ్ ఎంబసీ ముద్ర వేయించుకో. ఇక్కడికి వచ్చాక థాయ్‌లోకి అనువాదం చేయించి, థాయ్ విదేశాంగ శాఖలో ధ్రువీకరించుకుని, అంఫోలో, అంటే ఇక్కడి జిల్లా ఆఫీసులో, నమోదు చేయించాలి. వాళ్ళిచ్చే ఖో రో 22 అనే కాగితమే ఇమిగ్రేషన్ వాళ్ళు అడిగేది. మన వైపు ముద్రలు లేకుండా వచ్చి, వాటి కోసమే వెనక్కి వెళ్ళినవాళ్ళను చూశాను.

ఇప్పుడు మీ అత్తయ్య అడిగిన ప్రశ్నకు వస్తాను. పొడిగింపుకి వెళ్ళిన ప్రతిసారీ అమ్మాయి నీతో రావాలి. తన ఐడీ కార్డు, నీలం రంగు తబియన్ బాన్ (ఇంటి రిజిస్ట్రేషన్ పుస్తకం) కావాలి. ఇంటి నంబరు దగ్గర, హాల్లో, పడకగదిలో ఇద్దరూ కలిసి ఉన్న ఫోటోలు ఇవ్వాలి. అధికారులు ఇంటికి వచ్చి చూడొచ్చు, పక్కింటివాళ్ళను అడగొచ్చు. మా ఇంటికి వచ్చినప్పుడు అత్తయ్య చాలా నొచ్చుకుంది. తప్పు చేసినవాళ్ళను అడిగినట్టు మనల్ని అడుగుతున్నారేంటని ఆ రాత్రి ఏడ్చింది. ముందే చెప్పి ఉంటే అంత బాధపడేది కాదు. ఆ తప్పు నాది. నువ్వు మాత్రం ఏమేం అడుగుతారో, ఏ రోజు సెలవు పెట్టాలో తనకు ఇప్పుడే వివరంగా చెప్పు. కాగితాలు ఇచ్చాక వెంటనే ఏడాది ముద్ర పడదు. పరిశీలనలో ఉందని సుమారు నెల రోజులకు ముద్ర వేసి మళ్ళీ రమ్మంటారు. ఫీజు 1,900 బాట్లు.

రీ ఎంట్రీ పర్మిట్ సంగతి జాగ్రత్తగా చదువు. పొడిగింపు మీద ఉంటూ ఈ పర్మిట్ లేకుండా దేశం దాటితే ఏడాది ముద్ర అక్కడితో రద్దవుతుంది. మీ తాతయ్య పోయారని కబురు వచ్చిన రాత్రి నేను చేతికందిన బట్టలతో బయల్దేరాను. పర్మిట్ మాట తలపుకే రాలేదు. కర్మకాండలన్నీ ముగించుకుని తిరిగొచ్చేసరికి నా ముద్ర పోయింది. వీసా దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఒకసారికి 1,000 బాట్లు, ఎన్నిసార్లైనా వెళ్ళిరావడానికి 3,800. ఏడాది ముద్ర పడిన రోజే 3,800 కట్టేసెయ్. అమ్మకు వయసు మీద పడుతోంది, ఏ అర్ధరాత్రి ఫోన్ వచ్చినా నువ్వు నేరుగా విమానం ఎక్కగలగాలి. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులోనూ ఇస్తారు కానీ అలాంటి రోజున కౌంటర్లు వెతుక్కునే స్థితిలో ఉండం.

ఎక్కడ ఉంటున్నావో తెలిపే టీఎం 47 ఫారం 90 రోజులకోసారి ఇవ్వాలి, గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా తీసుకుంటారు. నువ్వు దిగిన 24 గంటల్లో మీ మామగారు ఇంటి యజమానిగా, విదేశీయుడు తమ ఇంట్లో ఉంటున్నాడని తెలిపే టీఎం 30 ఇవ్వాలి. రెండూ చిన్న పనులే, మర్చిపోకపోతే చాలు.

నేను ఇప్పుడు పెళ్ళి ముద్ర మీద లేను. యాభై దాటినవాళ్ళకు రిటైర్‌మెంట్ పొడిగింపు ఉంది, 8 లక్షల బాట్లు చూపాలి, పనిచెయ్యకూడదు. ఉద్యోగం మానేశాక దానికి మారాను. పెళ్ళి ముద్ర భార్య ఉన్నంతవరకే. అత్తయ్యకు ఆరోగ్యం బాగోలేనప్పుడు ఆస్పత్రి వరండాలో కూర్చుని, నా ముద్ర ఏమవుతుందో అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. అది నాకు నచ్చలేదు. మళ్ళీ అలాంటి ఆలోచన రాకూడదనే మార్చుకున్నాను. నీకు ముప్ఫై నాలుగేళ్ళు, దీని గురించి ఇప్పుడు ఆలోచించక్కర్లేదు.

ఈ వారంలో సర్టిఫికెట్ ముద్రల పని మొదలుపెట్టు. వీసా దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, పంపే ముందు కాగితాలన్నీ ఫోటో తీసి నాకు పెట్టు, ఒకసారి చూస్తాను. పెట్టవలసిన రుజువులు అప్పుడప్పుడూ మారుస్తుంటారు, ఆ రోజున ఎంబసీ సైట్‌లో ఉన్నదే లెక్క. వచ్చేటప్పుడు అత్తయ్యకు ఉలవచారు ప్యాకెట్లు తీసుకురా.

మీ మామయ్య