పెరటి కోడి కోత: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బయట తిప్పి పెంచిన వనరాజా పుంజులను ఆదివారాల్లో ఆరేడు కోస్తున్నాం. వేడినీళ్లలో ముంచి ఈకలు పీకుతుంటే మొదటి రెండింటికి తోలు చిరిగిపోతోంది. చివరి రెండింటికి ఈకలే ఊడవు. లోపం ఎక్కడుంది?
- ఒక రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: రెండింటికీ కారణం నీళ్ల వేడే. మొదటి కోళ్లను పొయ్యి మీంచి దించిన నీళ్లలో ముంచుతున్నారు. చివరివాటి వంతు వచ్చేసరికి అవే నీళ్లు చల్లారిపోతున్నాయి. తోలుతో ఉంచే కోడికి 60 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు. లేత కోడిని 45 సెకన్ల నుంచి నిమిషం దాకా ముంచాలి. ముదురు పుంజుకైతే మరో అరనిమిషం ఇవ్వండి. 70 డిగ్రీలు దాటితే తోలు కింది మాంసం పైపైన ఉడికి తెల్లబారుతుంది, ఈకతో పాటు తోలూ వచ్చేస్తుంది. 55కి దిగిపోతే ముదురు కోడి ఈక మొదలు పట్టు వదలదు.

థర్మామీటర్ కొనుక్కోండి, ఈ పనికి అంతకంటే అవసరమైన పరికరం లేదు. అది చేతికొచ్చే దాకా ఈ లెక్క పాటించండి: బాగా మరిగిన నీళ్లు సగం, కుండలో ఉండే మామూలు నీళ్లు సగం కలిపితే 65 దగ్గరికి వస్తాయి, గిన్నె పీల్చుకునే వేడి పోగా 62, 63 మిగులుతుంది. ఇరవై లీటర్ల గిన్నెలో ఒకసారికి ఒక్క కోడినే ముంచండి. ప్రతి కోడికీ కొంత వేడి పోతుంది కాబట్టి పక్క పొయ్యి మీద మరిగే నీళ్లు సిద్ధంగా ఉంచుకుని, రెండు కోళ్లకొకసారి చెంబెడు పోస్తూ వేడి చూసుకోండి. కాళ్లు పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తేనే నీళ్లు ఈకల సందుల్లోంచి తోలు దాకా వెళ్తాయి. రెక్కలోని పెద్ద ఈక లాగితే జారి రావాలి, కాలి పొలుసు గిల్లితే ఊడాలి. అంతే, వెంటనే తీసేయండి.

మరో జాగ్రత్త. కోడి పూర్తిగా చనిపోయాకే ముంచాలి. రేకుతో గరాటులా చేసి గోడకు బిగిస్తే కోడి తలకిందులుగా కదలకుండా ఉంటుంది, రెక్కలు కొట్టుకుని కమిలిపోవు. కత్తి పదునుగా ఉండాలి. దవడ కింద మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు తెగితే రెండు నిమిషాల్లో రక్తం కారిపోతుంది. ఊపిరి ఆగాలి, కన్ను తాకితే రెప్ప కదలకూడదు. రెక్కల కొసలూ మెడా ఎర్రగా కనిపిస్తే తొందరపడి ముంచారని అర్థం.

కాల్చే అలవాటుంటే ముందు తడి తుడవండి, తడి తోలుకు మసి అంటుకుంటుంది. ఎండు కొబ్బరాకు మంట గానీ గ్యాస్ మంట గానీ మంచిది. ప్లాస్టిక్, కిరోసిన్ వద్దే వద్దు. తర్వాత పసుపు రాసి రుద్ది కడిగితే మసి పోతుంది.

ప్రశ్న: కోసిన రోజు వండితే బాగుంటోంది. ముక్కలు కొట్టి వెంటనే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత వండితే రబ్బరులా సాగుతోంది. ఎందుకు?
- ఒక గృహిణి, ఏలూరు జిల్లా

జవాబు: చనిపోయిన కొద్ది గంటల్లో కండ బిగుసుకుంటుంది, ఆ తర్వాత నెమ్మదిగా సడలుతుంది. సడలకముందే గడ్డకట్టిస్తే, కరిగించినప్పుడు కండ గట్టిగా కుంచించుకుపోతుంది. ఎముక నుంచి ముందే విడదీసినా అదే నష్టం. గంటలోపు పొయ్యెక్కిస్తే ఆ బిగువు ఇంకా రాలేదు కాబట్టి కూర బాగుంటుంది. దాచుకోవాలంటే కోడిని ముక్కలు చేయకుండా నాలుగు గంటల్లోగా 4 డిగ్రీలకు చల్లార్చి, ఫ్రిజ్ కింది అరలో 12 నుంచి 24 గంటలు ఉంచి, ఆ తర్వాతే ముక్కలు కొట్టి ఫ్రీజర్‌లో పెట్టండి.

వెచ్చని కోళ్లు నాలుగైదు ఇంటి ఫ్రిజ్‌లో కుక్కితే అవి చల్లబడకపోగా ఫ్రిజే వేడెక్కుతుంది. ముందు కోడి బరువుకు సమానంగా ఐసు వేసిన నీళ్లలో చల్లార్చండి. చేపల బజారు ఐసు తాగే నీళ్లతో చేసిందని అనుకోలేం. దాన్నే వాడాల్సి వస్తే కోడిని నీళ్లు చొరని కవర్లో కట్టి ఐసులో పూడ్చండి. ఎండాకాలంలో తెల్లవారుజామునే కోత ముగించాలి. రెండేళ్ల పెట్ట మాంసం మాత్రం ఎంత చల్లార్చినా వయసు వల్ల గట్టిగానే ఉంటుంది, దానికి నిదానంగా ఉడికించడమే దారి.

ప్రశ్న: పొట్ట తీసేటప్పుడు మేత, పెంట మాంసానికి అంటుతున్నాయి. కార్జం మీద చుక్కలున్న కోడి తినొచ్చా?
- ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: కోతకు 8 నుంచి 10 గంటల ముందు మేత ఆపండి, నీళ్లు ఆపొద్దు. గంప కింద మూస్తే నేల గీరి మన్నూ రాళ్లూ మింగుతుంది కాబట్టి అడుగున జాలీ ఉన్న గూట్లో పెట్టండి. అలాగని పూటల తరబడి పస్తు పెడితే పేగు పలచబడి చేతిలోనే తెగుతుంది, చేదుతిత్తి ఉబ్బుతుంది.

ముందు మెడ తోలు చీల్చి మేతసంచిని వేళ్లతో వదులు చేయండి. తర్వాత వెనక ద్వారం చుట్టూ పేగు తగలకుండా గుండ్రంగా కోసి, చెయ్యి లోపలికి పోనిచ్చి అన్నీ ఒక్కసారిగా లాగండి. కార్జానికి అంటుకున్న ఆకుపచ్చ చేదుతిత్తిని లాగకుండా, కొద్దిగా కార్జం ముక్కతో సహా కోసేయండి. చేదు పడితే వెంటనే కడిగి, మరకపడిన ముక్క తీసేయండి. పెంట పడితే కడగడం చాలదు, నీళ్లతో అది ఇంకా పాకుతుంది. ఆ భాగం కోసి పారేయాలి. కందనకాయ చీల్చి లోపలి పసుపు పొర ఒలిచేయండి.

పేగుల్లో పొడవాటి తెల్ల పురుగులుంటే మాంసానికి దోషం లేదు. మిగతా మందకు పశువైద్యుడి సలహాతో మందు పట్టించండి, మందు వేశాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద ఉంటుంది, అవి గడిచాకే కోయండి. కార్జం నిండా తెల్ల చుక్కలు, గడ్డలు, పొట్టలో నీరు ఉంటే కోడి మొత్తాన్ని పూడ్చేయండి. ముడుచుకుని కూర్చున్న కోడిని ‘చచ్చేలోపు తినేద్దాం’ అని కోయొద్దు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చింది. ఉన్నట్టుండి కోళ్లు చస్తుంటే ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి.

ప్రశ్న: ఊళ్లో అమ్మాలంటే అనుమతి కావాలా? వ్యర్థాలు ఏం చేయాలి?
- ఒక యువ రైతు, కృష్ణా జిల్లా

జవాబు: కావాలి. దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2011 నిబంధనలు రోజుకు 50 కోళ్ల లోపు కోతను చిన్న వ్యాపారంగా లెక్కగట్టి రిజిస్ట్రేషన్ అడిగాయి. ఇప్పటి షరతులు జిల్లా ఆహార భద్రత అధికారి దగ్గర, స్థానిక అనుమతి సంగతి పంచాయతీలో కనుక్కోండి. పేగులు కుక్కలకు వేయొద్దు, మిగతా కోళ్లకు అసలే వేయొద్దు. బావికీ బోరుకీ దూరంగా మూడడుగుల గొయ్యి తీసి, ఊక ఒక పొర, వ్యర్థం ఒక పొర వేస్తూ, పైన అడుగు మందాన మట్టి కప్పండి. మిగతా వ్యర్థం కుళ్లినా ఈకలు చాలాకాలం అలాగే ఉంటాయి, వాటిని పలచగా పరిచి వేయండి.