తరంగంబాడి మీద నువ్వు పంపిన వ్యాసం గురించి

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది, నిదానంగా చదివాను. తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో సముద్రానికి ఎదురుగా ఉన్న పాత ఇంట్లో గది తీసుకుని, పొద్దున్నే వాళ్ళు పెట్టిన టిఫిన్ తిని, సాయంత్రాలు కోట దగ్గర కూర్చుని రాసుకున్న ఆ పేజీల్లో నాకు బాగా నచ్చిన చోట్లున్నాయి. పిండి పులియడానికి సముద్రపు గాలి ఎలా అడ్డొస్తుందో వంటామె నీతో చెప్పిన ముక్క, మేడ మీద గదిలో రాత్రంతా కిటికీ రెక్క కొట్టుకుంటుంటే నువ్వు లేచి దానికి చున్నీ కట్టడం. ఈ రెండు చోట్లా నువ్వు నిజంగా అక్కడున్నావని నమ్మాను. చాలా పేజీల్లో మాత్రం నువ్వు కనిపించలేదు. ఆ గదిలో ఎవరు దిగినా రాయగలిగే మాటలే ఉన్నాయి. ఆ తేడా గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

"కాలం ఆగిపోయిన ఊరు" అని మొదలుపెట్టావు. ఆ వాక్యం తీసెయ్యి. వినడానికి బాగానే ఉంది కానీ అది నిజం కాదు. ఒడ్డున ఉన్న మాసిలామణినాథర్ గుడి దగ్గర నువ్వు ఫోటో దిగానన్నావు. 1306లో, పాండ్య రాజు కులశేఖరుడి కాలంలో కట్టిన గుడి అది. దాని ముందు భాగం చాలావరకు సముద్రంలో కలిసిపోయింది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు ఆ ఊళ్ళో వందల మంది పోయారు. ఎక్కువమంది జాలర్ల కుటుంబాల వాళ్ళే. నువ్వు అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు నీ ఎదురుగా నడిచివెళ్ళిన మనుషుల్లో ఆ రోజు ఇంట్లో వాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు తప్పకుండా ఉండి ఉంటారు. వాళ్ళ ముందు కాలం ఆగిపోయిందని ఎలా అంటాం?

పోనీ, ఆ వీధి అంత పాతగా ఎందుకు మిగిలిందో ఆలోచించావా? రాజవీధిలో అటూ ఇటూ స్తంభాల ఇళ్ళు, 1701 నాటి సీయోను చర్చి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి, 1792లో కట్టిన ఊరి ద్వారం. అన్నీ చక్కగా లెక్కపెట్టి రాశావు. కారణం మాత్రం అడగలేదు. 1845లో, అప్పటిదాకా ఈ ఊరిని ఏలిన డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్ళు, దీన్నీ, బెంగాల్లో ఉన్న శ్రీరాంపూర్‌ని కలిపి 12.5 లక్షల రూపాయలకి ఇంగ్లీషు కంపెనీకి అమ్మేశారు. తర్వాత 1861లో నాగపట్నానికి రైలు వచ్చింది. సరుకూ, వర్తకులూ అటు మళ్ళారు. మాయవరం (ఇప్పటి మయిలాడుతురై) నుంచి తరంగంబాడికి తర్వాతెప్పుడో వేసిన రైలు లైను కూడా 1986లో మూతపడింది. చేతిలో డబ్బున్న ఊరైతే పాత ఇళ్ళని పడగొట్టి కొత్తవి కట్టుకుని ఉండేది. ఇక్కడ ఆ డబ్బు వెళ్ళిపోయింది, అందుకే ఇళ్ళు మిగిలాయి. మనం గది అద్దె కట్టి చూసి మురిసిపోతున్న ఆ అందం వెనక ఒక ఊరు చితికిపోయిన కథ ఉంది. అది తెలిశాక కూడా ఇల్లు అందంగానే కనిపిస్తుంది, కాకపోతే రాసే చెయ్యి కొంచెం నెమ్మదిస్తుంది. నీ నుంచి నేను కోరుకునేది ఆ నెమ్మది.

ఇక గోడల సంగతి. గార పెచ్చులూడిన చోట "వయసు మీదపడినా తగ్గని సౌందర్యం" అని రాశావు. అమ్మా, అదంతా ఉప్పు చేసే పని. ఇటుక నేలలోంచి ఉప్పు తేమని పైకి పీల్చుకుంటుంది. గోడ మీదికి వచ్చాక నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలి గడ్డకడుతుంది. గడ్డకట్టే ఆ ఉప్పు గారని లోపల్నుంచి నెడుతుంది. గానుగ సున్నంతో చేసిన గారైతే తేమ బయటికి పోయే దారి ఉంటుంది. ఊడేది పైపూత, మళ్ళీ పూసుకోవచ్చు. తొందరపడి దాని మీద సిమెంటు కొట్టారో, తేమకి దారి మూసుకుపోతుంది. ఉప్పు లోపలే గడ్డకట్టి ఏకంగా ఇటుకనే పిండి చేస్తుంది. బయటికి గోడ నున్నగా కనిపిస్తూనే లోపల పాడైపోతుంది. ఇనుము సంగతి ఇంకా కష్టం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, స్లాబులో ఊచ ఉబ్బితే స్లాబే పగులుతుంది. నువ్వు పడుకున్న గది పైకప్పు గుర్తు తెచ్చుకో. టేకు దూలాలు వరసగా, వాటి మధ్య ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన సన్నటి ఇటుకలు కనిపించాయన్నావు. దాన్ని మద్రాసు టెర్రస్ అంటారు. అందులో తుప్పు పట్టే ఊచలుండవు. ఆ ఇల్లు ఇన్నాళ్ళు ఉప్పుగాలిని తట్టుకోవడానికి అదీ ఒక కారణం.

నీ వ్యాసంలో ఈ పని చేసే మనుషులు ఒక్కరూ లేరు. సముద్రం ఒడ్డున పాత ఇల్లు దానంతట అది నిలబడదు, ఎవరో ఒకరు పట్టుకుని ఉంటేనే నిలబడుతుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ ఆ ఇంటికి ఎక్కడి నుంచి వస్తాడు? సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ ఇప్పటికీ కలుపుతున్నారా? వానలో ఏ మూల కారుతుంది? తలుపుల మడత బందులు ఇత్తడివా, ఇనుపవా, ఎన్నాళ్ళకోసారి మారుస్తారు? పరుపులకి, దుప్పట్లకి ఆ తేమ వాసన పట్టకుండా ఏం చేస్తారు? ఇలాంటివి అడిగితే ఇంటివాళ్ళు విసుక్కోరు. వాళ్ళకి రోజూ ఉండే టెన్షన్ అదే కదా, ఎవరైనా అడిగితే చెప్పుకోవాలనే ఉంటుంది. సునామీ తర్వాత, పాత కట్టడాల్ని కాపాడే ఇంటాక్ సంస్థ ఆ ఊళ్ళో కొన్ని పాత ఇళ్ళను బాగుచేయించింది. పాత గవర్నర్ బంగళా పునరుద్ధరణలో డెన్మార్క్ నేషనల్ మ్యూజియం పాలుపంచుకుంది. వాళ్ళు వచ్చారు, చేశారు, మంచిదే. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ ఇళ్ళకి సున్నం కొట్టే చేతులు మాత్రం ఊరివాళ్ళవే. నీ వ్యాసానికి అసలు మనుషులు వాళ్ళు.

ఒక చోట "పడవలన్నీ ఒడ్డున సోమరిగా ఎండ కాచుకుంటున్నాయి" అని రాశావు. నువ్వు వెళ్ళింది మే నెలలో. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లని సముద్రంలోకి వెళ్ళనివ్వరు. ఆ రోజుల్లో బోటు మీద బతికే ఇంట్లో సంపాదన ఉండదు. ప్రభుత్వం ఇచ్చే భృతితో, అప్పులతో, వలలు బాగుచేసుకుంటూ గడుపుతారు. మన విశాఖలో, కాకినాడలో, నిజాంపట్నంలో కూడా ఇవే తేదీలు. మన పిల్లవి, నీకు ఇది తెలియకపోవడం నాకు బాధగా అనిపించింది. "సోమరిగా" అనే ఒక్క మాట వల్ల ఆ వాక్యం వాళ్ళకి అన్యాయం చేసింది. ఒడ్డున పడవ కనిపిస్తే ముందు ఎందుకుందో అడుగు. జవాబు దొరికాక ఆ పోలిక దానంతట అదే పోతుంది.

ఓజోన్ సంగతి కూడా ఇలాంటిదే. అక్కడి గాలిలో ఓజోన్ ఎక్కువ, ఆరోగ్యానికి మంచిదని ఊళ్ళో చాలామంది చెబుతారు, నువ్వూ అలాగే రాసేశావు. నేల దగ్గర గాలిలో ఓజోన్ ఎక్కువైతే ఊపిరితిత్తులకి హానే చేస్తుంది. సముద్రపు ఒడ్డున మనకి వచ్చే ఆ వాసన చాలావరకు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువుది. నీళ్ళలోని సూక్ష్మమైన నాచు, బ్యాక్టీరియా వల్ల అది పుడుతుంది. ఊరివాళ్ళు నమ్మేదాన్ని వాళ్ళ నోటి మాటగా రాయి, తప్పులేదు. నీ మాటగా రాసేముందు మాత్రం సరిచూసుకో.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయం. నువ్వు ఆ కోట గురించి రెండు పేజీలు రాశావు. 1620లో డేన్లు కట్టుకున్న డాన్స్‌బోర్గ్ కోట, సముద్రం వైపు చూసే ఫిరంగులు, డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్. ఆ చోటుని వాళ్ళకి ఇచ్చిందెవరో ఒక్క ముక్క లేదు. తంజావూరు రఘునాథ నాయకుడు! చేమకూర వేంకటకవి తన కావ్యాన్ని అంకితమిచ్చిన రఘునాథుడు, తనే తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ఆయన బంగారు రేకు మీద రాయించి డెన్మార్క్ రాజుకి పంపిన ఉత్తరం ఇప్పటికీ కోపెన్‌హేగన్‌లో భద్రంగా ఉంది. ఆ కోట గోడ మీద కూర్చున్న తెలుగు పిల్లకి ఇది తెలిస్తే ఆ సాయంత్రం ఎంత వేరుగా ఉండేదో! ఇంకొకటి కూడా విను. 1706లో జీగెన్‌బాల్గ్ అనే మిషనరీ ఆ ఊళ్ళో దిగి, తర్వాత అచ్చుయంత్రం తెప్పించి తమిళ పుస్తకాలు వేశాడు. ఆయన దారిలోనే 1719లో బెంజమిన్ షుల్జ్ వచ్చాడు. తర్వాత మద్రాసు వెళ్ళి తెలుగు నేర్చుకున్నాడు. జర్మనీకి తిరిగి వెళ్ళాక 1746, 1747 సంవత్సరాల్లో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన అక్షరాలు అచ్చెక్కిన తొలి రోజుల కథలో ఆ ఊరు కూడా ఉందన్నమాట. ఇదంతా వ్యాసంలో కుక్కమని చెప్పడం లేదు. ఒక్క పేరా చాలు. తెలిసి వదిలేసిన దాని బరువు కూడా రాతలో కనిపిస్తుంది.

పక్క గదిలో దిగిన గుంటూరు కుటుంబం గురించి అరవాక్యంలో దాటేశావు. "షష్టిపూర్తికి వచ్చారట" అని. తిరుక్కడయూరు అమృతఘటేశ్వరుడి గుడి అక్కడికి చాలా దగ్గర. అరవై నిండిన దంపతులు అక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి మన వైపు నుంచి కూడా వెళ్తూంటారు. మార్కండేయుణ్ణి కాపాడటానికి శివుడు యముణ్ణి తన్నిన చోటు అది అని నమ్మకం. ఆ పెద్దాయన పొద్దున్నే తాళి కట్టి వచ్చి, మధ్యాహ్నం మీ అరుగు మీద కూర్చుని సముద్రం చూశాడన్నావు. ఏం మాట్లాడాడు? ఆవిడ ఏ చీర కట్టుకుంది? పిల్లలు అమెరికా నుంచి వచ్చారా, ఫోన్లోనే చూశారా? కోట కంటే వీళ్ళ మీద ఎక్కువ రాయాల్సింది. ఒకే కప్పు కింద పరిచయం లేనివాళ్ళు కలిసి టిఫిన్ తినడం పెద్ద హోటల్లో దొరకదు. దాని కోసమే కదా మనం ఇలాంటి ఇళ్ళలో దిగేది.

దిగిన ఇంటి గురించి రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. మన కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ పథకంలో ఇంటివాళ్ళు ఆ ఇంట్లోనే కాపురముండాలని నియమం పెట్టారు. అద్దెకి ఇచ్చే గదులు ఆరు దాటకూడదు. అంటే నువ్వు వెళ్ళింది ఒకరి కాపురంలోకి. నువ్వు దిగిన చోటు ఆ పథకంలో ఉన్నా లేకపోయినా మర్యాద ఒకటే. గది బాడుగ కట్టినంత మాత్రాన ఆ ఇంట్లో వినిపించిన ప్రతి మాటా మనది అయిపోదు. ఆ ఇంటి కొడుకూ తల్లీ వాటాల గురించి గొడవ పడటం నువ్వు విన్నావు, రాశావు. నిజంగా బాగా రాశావు, ఆ సంభాషణలో ప్రాణముంది. అయినా తీసెయ్యి. ఊరి పేరు రాశాక ఆ ఇల్లు ఏదో కనుక్కోవడం ఎవరికైనా తేలిక. నీకు అది అంతగా కావాలంటే కథ రాయి, ఊరు మార్చు, మనుషుల్ని మార్చు. వ్యాసంలో మాత్రం వాళ్ళు నీ ముందుకి తెచ్చి పెట్టినదే నువ్వు తీసుకోవాలి. ఇది నేను చాలా గట్టిగా నమ్మే మాట.

నువ్వు ఉన్నన్ని రోజులూ పూంపుహార్, కారైక్కాల్, వేళాంగణ్ణి అన్నీ చుట్టొచ్చావు. వాటికి తలా ఒక పేరా వచ్చింది, ఏదీ నిలబడలేదు. మళ్ళీ వెళ్తే కారు మాట్లాడుకోకు. పొద్దున టిఫిన్ అయ్యాక అదే అరుగు మీద కూర్చో. పాలు ఎవరు తెస్తారు, చేపల బుట్ట ఏ తలుపు దగ్గర దించుతారు, అతిథులు వెళ్ళిపోయాక ఆ ఇల్లు ఎలా మాట్లాడుతుంది, ఇవి చూడు. మధ్యాహ్నం పడుకోకు. ఇంటివాళ్ళు తీరిగ్గా దొరికేది అప్పుడే.

వీలైతే అక్టోబర్, డిసెంబర్ మధ్య వెళ్ళు. అక్కడ పెద్ద వానలు అప్పుడే, తుఫాన్ల కాలం కూడా అదే కాబట్టి వాతావరణ హెచ్చరికలు చూసుకుని బయలుదేరు. కప్పు ఎక్కడ కారుతుందో అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. మేస్త్రీ గురించి ముందే ఫోన్ చేసి కనుక్కో, ఆయన ఊళ్ళో ఉన్నప్పుడే వెళ్తే మంచిది. తిరగరాసిన ప్రతిలో మొదటి పేజీ మొత్తం తీసేసి, కిటికీకి చున్నీ కట్టిన రాత్రి నుంచి మొదలుపెట్టి చూడు. వంటామె భాగం ఎంత పొడుగైనా కుదించకు. ఆవిడ అనుమతి అడిగి, ఒప్పుకుంటేనే పేరు రాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి