ఇరవైకి పన్నెండు కలిపితే నలభై ఎప్పుడవుతుంది?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ట్రేడ్ డెడ్‌లైన్ (జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే ఆఖరి గడువు) మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. డబ్బు లెక్కలన్నీ 2025-26 సీజన్‌వి. ఆ సీజన్ డెడ్‌లైన్ 2026 ఫిబ్రవరి 5, గురువారం, అమెరికా తూర్పు తీరపు గడియారం ప్రకారం మధ్యాహ్నం 3 గంటలు.

ప్రశ్న: నేను అభిమానించే జట్టులో 20 మిలియన్ డాలర్ల ఆటగాడు ఒకడు, 12 మిలియన్ల వాడు ఒకడు ఉన్నారు. ఇద్దరినీ ఇచ్చి 40 మిలియన్ల స్టార్‌ను తెచ్చుకోవచ్చని నేనంటాను. కుదరదని నా స్నేహితుడు. ఎవరిది రైటు?

జవాబు: ఇద్దరిదీ రైటే కావచ్చు. ఆ జట్టు మొత్తం జీతాల బిల్లు ఎంతో మీరు రాయలేదు. అది తెలియకుండా ఈ బేరం గురించి ఎంత వాదించుకున్నా తేలదు.

నాలుగు గీతలు గుర్తుపెట్టుకోండి. శాలరీ క్యాప్, అంటే జీతాల బిల్లుకు లీగ్ పెట్టిన మామూలు పరిమితి, 154.647 మిలియన్లు. బిల్లు బాగా పెరిగిన జట్లు కట్టే లగ్జరీ ట్యాక్స్ మొదలయ్యేది 187.895 దగ్గర. దానిపైన ఏప్రన్లనే రెండు గీతలున్నాయి, దాటితే ట్రేడ్లకు ఆంక్షలు పడతాయి. మొదటి ఏప్రన్ 195.945. రెండో ఏప్రన్ 207.824. క్యాప్ కింద ఖాళీ ఉన్న జట్టుకు బాధ లేదు, ఆ ఖాళీలో ఎవరినైనా ఇముడ్చుకోవచ్చు. కానీ ఫిబ్రవరికల్లా అలాంటి జట్టు దొరకడం అరుదు. మిగతా జట్లన్నీ ఇచ్చే జీతానికి తెచ్చుకునే జీతాన్ని సరిపోల్చి చూపాల్సిందే.

మొదటి ఏప్రన్ కింద ఉన్న జట్టుకు కాస్త వెసులుబాటు ఉంది. ఇచ్చే జీతం 8.277 మిలియన్ల లోపైతే దానికి రెట్టింపు, పైన ఇంకో రెండున్నర లక్షల డాలర్లు తెచ్చుకోవచ్చు. 8.277 నుంచి 33.108 మధ్య ఉంటే ఇచ్చినదానికి 8.527 మిలియన్లు కలుపుకోవచ్చు. అంతకు మించితే 125 శాతం, పైన మళ్లీ రెండున్నర లక్షలు. మీ ఇద్దరు ఆటగాళ్ల జీతం కలిపితే 32. దానికి 8.527 కలిపితే 40.527. నలభై అందులో పడుతుంది కాబట్టి మీరు గెలిచినట్టే కనిపిస్తారు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఇచ్చినదానికంటే ఎక్కువ జీతం తెచ్చుకున్న జట్టుకు ఆ క్షణం నుంచి సీజన్ ముగిసేదాకా మొదటి ఏప్రన్ దగ్గర హార్డ్ క్యాప్ పడుతుంది. ఆ గీతను ఒక్క డాలరు కూడా దాటకూడదు. ఆ జట్టు బిల్లు ఇప్పుడు 190 అనుకుందాం. 32 తీసి 40 కలిపితే 198 అవుతుంది. గీత 195.945 దగ్గరే ఉంది కాబట్టి ఈ ట్రేడ్‌ను లీగ్ ఆఫీసు ఒప్పుకోదు. ఆన్‌లైన్‌లో అభిమానులు అల్లే ట్రేడ్లలో ఎక్కువ భాగం చెడేది ఇక్కడే. జీతాలు సరిపోయాయా అని చూస్తారు, సరిపోయాక బిల్లు ఎక్కడికి చేరిందో చూడరు.

దీనికి విరుగుడు ఉంది. బెంచి మీద కూర్చునే 3 మిలియన్ల ఆటగాణ్ని కూడా ఆ మూటలో వేయండి. ఇచ్చేది 35 అవుతుంది, బిల్లు 195కి దిగుతుంది. గీతకు ఇంకా 9 లక్షల 45 వేల డాలర్లు మిగులు. ఇప్పుడు తలలు లెక్కపెట్టండి. 15 మందిలో ముగ్గురు పోయి ఒకడు వచ్చాడు, మిగిలింది 13. రోస్టర్‌లో 14 మంది కంటే తక్కువతో రెండు వారాలకు మించి నడపకూడదు కాబట్టి ఒకణ్ని కనీస వేతనానికి తీసుకోవాలి. కనీస వేతనాన్ని మిగిలిన రోజుల లెక్కన కోస్తారు. ఫిబ్రవరి మొదటి వారం దాటాక అది బిల్లుకు 9 లక్షల లోపే తగులుతుంది. అంటే ఆ జట్టు బొటాబొటిగా బయటపడుతుంది. ఇంకో ఆటగాణ్ని తెచ్చుకుందామంటే మాత్రం చేతిలో పైసా ఉండదు.

ఇక మీ స్నేహితుడి పక్షం. ట్రేడ్ అయ్యాక బిల్లు మొదటి ఏప్రన్ పైనే ఉండే జట్టు ఇచ్చినంతే తెచ్చుకోవాలి. 32 ఇస్తే 32, అంతే. నలభై కావాలంటే ఇంకో 8 మిలియన్ల జీతం వెతకాలి. రెండో ఏప్రన్ పైన ఉన్న జట్టుకైతే ఇద్దరి జీతాలను కలిపి చూపే హక్కే లేదు. ట్రేడ్ పూర్తయ్యేసరికి ఆ గీత కిందికి దిగితేనే కలపనిస్తారు. లేదంటే 40 మిలియన్లో, అంతకు మించో జీతం ఉన్న ఒకే ఒక్క ఆటగాణ్ని ఇవ్వాలి. అక్కడ ఇరవైకి పన్నెండు కలిపినా ఇరవై, పన్నెండుగానే ఉంటాయి.

అవతలి జట్టు సంగతీ మరవకండి. వాళ్లు ఒకణ్ని ఇచ్చి ముగ్గుర్ని తీసుకుంటున్నారు. అప్పటికే 15 మంది ఉంటే ఇద్దర్ని వదిలించుకోవాలి, ఆ ఇద్దరి జీతం మాత్రం లెక్కలోనే ఉండిపోతుంది.

ప్రశ్న: ఇద్దరి మధ్య బేరంలోకి సంబంధం లేని మూడో జట్టు ఎందుకొస్తుంది?

జవాబు: పైన చెప్పిన లెక్క తేలక. 2025 ఫిబ్రవరిలో లూకా డాన్చిచ్ డాలస్ నుంచి లేకర్స్‌కు వెళ్లిన ట్రేడ్ చూడండి. ఆంథొనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 ఫస్ట్ రౌండ్ పిక్ (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో మొదటి విడత హక్కు) డాలస్‌కు చేరాయి. మధ్యలో యూటా దూరి లేకర్స్ యువ ఆటగాడు జేలెన్ హుడ్-షిఫీనోను తీసుకుంది, కొసరుగా రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు పుచ్చుకుంది. ఒకరి బిల్లు తేలిక చేసి కూలి తీసుకోవడమన్నమాట. సిగ్గుపడాల్సిన పనేం కాదు, చేతిలో ఖాళీ ఉన్న జట్టుకు డెడ్‌లైన్ వారం పంట చేతికొచ్చే వారం.

ప్రశ్న: డేవిస్, డాన్చిచ్ లాంటి స్టార్లు "నేను వెళ్లను" అనలేరా?

జవాబు: అనలేరు, నో-ట్రేడ్ క్లాజ్ రాయించుకుంటే తప్ప. లీగ్‌లో 8 ఏళ్లు, అందులో అదే జట్టుతో 4 ఏళ్లు ఆడినవాడికే అది దొరుకుతుంది, అదీ కొత్త ఒప్పందం రాసుకునేటప్పుడు. 2024లో లెబ్రాన్ జేమ్స్ రాయించుకున్నాడు. అంతకుముందు బ్రాడ్లీ బీల్ వాషింగ్టన్‌లో రాయించుకుని, 2023లో ఫీనిక్స్‌కు వెళ్లేటప్పుడు ఆ క్లాజ్‌ను వెంట తీసుకెళ్లాడు. ఫీనిక్స్‌కు అది గుదిబండ అయింది.

క్లాజ్ లేకపోయినా ట్రేడ్ కిక్కర్ ఉండొచ్చు. అమ్ముడుపోతే మిగిలిన జీతం మీద గరిష్ఠంగా 15 శాతం బోనస్. అది కొత్త జట్టు బిల్లులో చేరుతుంది కాబట్టి ఏప్రన్ దగ్గర ఉన్న జట్టుకు ఆ ఒక్క దెబ్బతో బేరం చెడుతుంది. డాలస్‌కు వెళ్లేటప్పుడు డేవిస్ తన కిక్కర్ వదులుకున్నాడు. మీరు ట్రేడ్ అల్లేటప్పుడు ఆటగాడి జీతం పక్కన కిక్కర్ గడి చూడడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ఒక జట్టు ఎన్ని ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇవ్వగలదు? ఆరు పిక్‌లు ఇచ్చేస్తే ఏ స్టార్ అయినా వస్తాడు కదా!

జవాబు: సొంత పిక్‌లు మాత్రమే ఉన్న జట్టు నాలుగు ఇవ్వగలదు. పిక్‌లను ఏడేళ్ల ముందుదాకానే అమ్మనిస్తారు, అంటే 2025-26లో 2032 వరకు. పైగా రాబోయే డ్రాఫ్టుల్లో వరసగా రెండేళ్లు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా ఉండకూడదు. దీన్ని స్టెపియన్ రూల్ అంటారు. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ పిక్‌లను ఎడాపెడా అమ్మేసి జట్టును ఖాళీ చేస్తే లీగ్ పెట్టిన కళ్లెం ఇది. కాబట్టి 2026, 2028, 2030, 2032 ఇవ్వొచ్చు. మధ్య ఏళ్లలో స్వాప్ ఇవ్వొచ్చు, అంటే రెండు పిక్‌లలో మెరుగైనది అవతలివాళ్లు తీసుకుంటారు. 2023 ఫిబ్రవరిలో కెవిన్ డ్యురాంట్ కోసం ఫీనిక్స్ ఇచ్చింది సరిగ్గా ఈ నమూనాలోనే: 2023, 2025, 2027, 2029 పిక్‌లు, 2028లో స్వాప్. వాటితోపాటు మికాల్ బ్రిడ్జెస్, క్యామ్ జాన్సన్ కూడా. వేరే జట్టు పిక్ ఆ ఏడాదికి చేతిలో ఉంటే సొంతది ఇచ్చేయొచ్చు, అప్పుడు నాలుగు దాటుతుంది.

తప్పు జరిగేది ప్రొటెక్షన్ దగ్గర. 2028 పిక్ ఇచ్చి "మొదటి పదిలో పడితే మాదే, 2029లో ఇస్తాం" అని రాశారనుకోండి. ఆ పిక్ 2028లో పోవచ్చు, 2029లో పోవచ్చు. కాబట్టి దానికి అటూ ఇటూ ఉన్న 2027, 2030 కూడా బిగుసుకుపోతాయి. ఒక్క పిక్ ఇచ్చి నాలుగేళ్లు తాళం వేసుకున్నట్టు. ఇక తీసుకునేవాళ్లకు లాటరీ (డ్రాఫ్టులో ముందు వరస ఎవరిదో తేల్చే చీటీలు) భయం. ఫిలడెల్ఫియా 2025 పిక్ ఓక్లహోమా సిటీకి బాకీ, కానీ మొదటి ఆరులో పడితే ఇవ్వక్కర్లేదు. లాటరీలో అది మూడో స్థానానికి వచ్చింది, ఫిలడెల్ఫియా ఉంచేసుకుంది. బాకీ మరుసటి ఏడాదికి జరిగింది. "ఒక ఫస్ట్ రౌండ్ పిక్" అని ఎవరైనా అంటే ఏ ఏడాదిది, ఏ ప్రొటెక్షన్‌తో అని అడిగాకే విలువ కట్టండి.

రెండో ఏప్రన్ పైనున్న జట్టుకు ఇంకో శిక్ష ఉంది. ఏడేళ్ల అవతలి ఫస్ట్ రౌండ్ పిక్‌ను ట్రేడ్ చేయనివ్వరు.

ప్రశ్న: వేసవిలో సంతకం చేసిన ఆటగాణ్ని డెడ్‌లైన్‌కు అమ్మొచ్చా?

జవాబు: చాలామందిని డిసెంబర్ 15 నుంచి అమ్మొచ్చు. క్యాప్ పైనున్న జట్టు తన ఆటగాణ్నే 20 శాతానికి మించిన పెంపుతో ఉంచుకుంటే జనవరి 15 దాకా ఆగాలి. సంతకం ఆలస్యమైతే ఏదైనా కనీసం మూడు నెలలు. పెద్ద ఎక్స్‌టెన్షన్ (ఒప్పందం పొడిగింపు) మీద సంతకం పెట్టినవాడికి ఆరు నెలలు. ఈ ఆరు నెలలు చాలా పనికొచ్చే ఆయుధం. యూటా ఆటగాడు లౌరి మార్కానెన్ 2024లో ఆగస్టు 7 దాకా ఆగి సంతకం చేశాడు. ఆరు నెలలంటే ఫిబ్రవరి 7. ఆ సీజన్ డెడ్‌లైన్ ఫిబ్రవరి 6. ఒక్క రోజు తేడాతో ఆ సీజన్‌కు అతన్ని ఎవరూ కదిలించలేకపోయారు. అయినా ఆ శీతాకాలమంతా అతని పేరుతో ట్రేడ్లు అల్లినవాళ్లున్నారు!

ప్రశ్న: ఓడిపోతున్న జట్టు పనికొచ్చే ఆటగాణ్ని దాదాపు ఉచితంగా ఇస్తుందేం?

జవాబు: లగ్జరీ ట్యాక్స్. దాన్ని లెక్కించేది రెగ్యులర్ సీజన్ చివరి రోజున్న బిల్లు మీద. సీజన్‌లో మూడు నెలలు గీత పైనున్నా, డెడ్‌లైన్‌లోపు కిందికి దిగితే పన్ను లేదు, పైగా కట్టిన జట్ల సొమ్ములో వాటా వస్తుంది. గీతకు 2 మిలియన్లు పైనున్న జట్టు దగ్గర 5 మిలియన్ల ఆటగాడుంటే, ఆ బేరం ముందే ఊహించొచ్చు. డెడ్‌లైన్ రోజు వదంతుల కంటే జట్ల జీతాల పట్టిక ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: ట్రేడ్ అయిపోయిందని వార్త వచ్చి, మళ్లీ రద్దయిందంటారు. ఎలా?

జవాబు: వార్త వచ్చేది మాట కుదిరినప్పుడు. ఆ తర్వాత జట్లన్నీ లీగ్ ఆఫీసుతో ఫోన్‌లో కూర్చుని షరతులు ఒక్కొక్కటిగా చదివి ఒప్పుకోవాలి. తర్వాత వైద్య పరీక్ష. 2025 ఫిబ్రవరిలో లేకర్స్ డాల్టన్ నెక్ట్, క్యామ్ రెడిష్, 2031 పిక్, ఒక స్వాప్ ఇచ్చి షార్లెట్ నుంచి సెంటర్ మార్క్ విలియమ్స్‌ను తీసుకుంది. వైద్య పరీక్షలో అతను నెగ్గలేదంటూ ఫిబ్రవరి 8న బేరం రద్దు చేసింది. డెడ్‌లైన్ అప్పటికే దాటింది కాబట్టి ఇంకో సెంటర్‌ను ట్రేడ్‌లో తెచ్చుకునే దారి లేదు. నెక్ట్, రెడిష్ సామాను సర్దుకుని వెనక్కి రావాల్సి వచ్చింది. గాయాల చరిత్ర ఉన్నవాణ్ని ఆఖరి రోజుకు అట్టిపెట్టుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదే.

ప్రశ్న: డెడ్‌లైన్ దాటాక కూడా బైఅవుట్‌లో (పాత జట్టుతో ఒప్పందం తెంచుకుని) ఎవరైనా రావచ్చా?

జవాబు: రావచ్చు. ప్లేఆఫ్స్ ఆడాలంటే పాత జట్టు అతన్ని మార్చి 1 లోపు వేవ్ చేసి, అంటే వదిలేసి, ఉండాలి. మార్చి 2న బయటికొచ్చినవాడు రెగ్యులర్ సీజన్‌కే పనికొస్తాడు. రెండో అడ్డంకి: బిల్లు మొదటి ఏప్రన్ పైనున్న జట్టు, వేవ్ కాకముందు 14.104 మిలియన్లకు మించిన జీతం ఉన్నవాణ్ని తీసుకోకూడదు. మూడోది, అభిమానులు తరచూ అడిగే చిట్కా: "అతన్ని ట్రేడ్‌లో ఇచ్చేద్దాం, వాళ్లు వదిలేస్తే మళ్లీ తెచ్చుకుందాం." అది చెల్లదు. ఇచ్చిన జట్టు అతన్ని ఏడాదిదాకా, లేదా ఆ ఒప్పందం ముగిశాక వచ్చే జులై 1 దాకా, ఏది ముందైతే అది, తిరిగి తీసుకోకూడదు. అతన్ని తీసుకున్న జట్టే నేరుగా మూడో జట్టుకు పంపి, వాళ్లు వేవ్ చేస్తే మాత్రం సంగతి వేరు. అప్పుడు ఈ నిషేధం వర్తించేది అతన్ని చివరగా పంపిన జట్టుకు.