గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో పిత్తనాళం తెగకుండా ఏం చేస్తారు?

ప్రశ్న: నా వయసు 46. గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయి, లాపరోస్కోపీతో తీసేయాలన్నారు. ఈ ఆపరేషన్‌లో ఒక్కోసారి పక్కనున్న పిత్తనాళం తెగుతుందని విన్నాను. అలా జరగకుండా సర్జన్లు ఏం చేస్తారు? ముందుగా నేనేం అడగాలి?

జవాబు: మీరు విన్నది నిజమే, అయితే అది అరుదు. వెయ్యి లాపరోస్కోపీల్లో సుమారు మూడు నుంచి ఐదింటిలో ఇలా జరుగుతుంది. జరిగితే మాత్రం మళ్లీ పెద్ద ఆపరేషన్ అవసరం కావచ్చు. అందుకే మీరు అడగడమే మంచిది.

చాలాసార్లు ఇక్కడ పొరపాటు చేతిది కాదు, కంటిది. గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే సన్నటి సిస్టిక్ డక్ట్, కాలేయం నుంచి పేగుకు వెళ్లే ప్రధాన పిత్తనాళంలో కలుస్తుంది. క్లిప్ వేసి కత్తిరించాల్సింది సిస్టిక్ డక్ట్‌నే. వాపుతో అక్కడంతా అతుక్కుపోయినా, గాల్‌బ్లాడర్ మెడను పైకి లాగినా రెండు నాళాలూ ఒకే వరుసలోకి వచ్చి, ప్రధాన నాళమే సిస్టిక్ డక్ట్‌లా కనిపిస్తుంది. అందుకే గాల్‌బ్లాడర్ పైకొసను రోగి కుడి భుజం వైపు ఎత్తి, మెడను కుడివైపుకీ కిందికీ లాగి పట్టుకుంటారు. అప్పుడు రెండు నాళాల మధ్య కోణం తెరుచుకుంటుంది.

ఆ తర్వాత ముఖ్యమైనది 1995లో సర్జన్ స్ట్రాస్‌బర్గ్ బృందం వివరించిన ‘క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ’. ఇందులో మూడు షరతులున్నాయి. నాళాలకూ కాలేయానికీ మధ్య ఉన్న త్రికోణంలోని కొవ్వు, పీచు పూర్తిగా తొలగాలి. గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు కాలేయం నుంచి విడిపోవాలి. గాల్‌బ్లాడర్‌లోకి వెళ్తున్నవి రెండే రెండు కనిపించాలి: సిస్టిక్ డక్ట్, గాల్‌బ్లాడర్‌కు రక్తం తెచ్చే సిస్టిక్ ఆర్టరీ. ఈ మూడూ ముందు నుంచీ వెనక నుంచీ చూసి రూఢి చేసుకున్నాకే క్లిప్ వేయాలి.

ఈ పేరు తెలియని సర్జన్ అరుదు. కానీ ఆచరణలో రెండో షరతే ఎక్కువగా వదిలేస్తారు. మెడ సన్నబడి నాళంగా మారినట్టు కనిపించగానే ‘వ్యూ వచ్చింది’ అనుకోవడం వేరే పద్ధతి. వాపున్నప్పుడు మోసం చేసేది సరిగ్గా అదే. ఆపరేషన్ నోట్స్‌లో వ్యూ వచ్చిందని రాసినా, వీడియో చూస్తే మూడు షరతులూ నెరవేరని కేసులు ఎన్నో ఉన్నట్టు పరిశీలనల్లో తేలింది. కాబట్టి క్లిప్ వేయడానికి ముందు ఫొటో తీసి ఉంచడం మంచి అలవాటు.

కాలేయం అడుగున రూవియర్ సల్కస్ అనే గాడి చాలామందిలో ఉంటుంది. దాని మట్టానికి పైనే పని చేయాలి. కరెంటు వేడితో కోసే కాటరీని తక్కువ పవర్‌లో, కొద్దికొద్దిగా వాడాలి. రక్తం కారితే గాజ్ గుడ్డతో కాసేపు నొక్కి పట్టాలి. కనపడని చోట గుడ్డిగా క్లిప్ వేస్తే నాళమే చిక్కుకోవచ్చు. సందేహం ఉంటే నాళంలోకి రంగుమందు పంపి ఎక్స్‌రే తీస్తారు, లేదా ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్) అనే మెరిసే రంగుమందు ఇచ్చి ప్రత్యేక కెమెరాతో చూస్తారు. ఐసీజీలో అయోడిన్ ఉంటుంది కనుక ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి. దట్టమైన కొవ్వు వెనక ఉన్న నాళం దీంతో కూడా సరిగా కనిపించదు.

ఎంత ప్రయత్నించినా వ్యూ రాకపోతే? అక్కడ ఆగడమే సరైన నిర్ణయం. గాల్‌బ్లాడర్‌లో కొంత భాగం వదిలి మిగతాది తీసేయొచ్చు, పొట్ట తెరిచి చేయొచ్చు, పిత్తం బయటికి పోయేలా గొట్టం పెట్టి మరోసారి రమ్మనొచ్చు, లేదా మరో సర్జన్‌ను పిలవొచ్చు. వీటిని వైఫల్యంగా చూడకండి. పొట్ట తెరిచినంత మాత్రాన నాళం వెంటనే స్పష్టంగా కనిపించదు కాబట్టి, కొన్నిసార్లు కొంత భాగం వదిలేయడమే మేలు.

మీ సర్జన్‌ను ఇలా అడగండి: ‘వ్యూ రాకపోతే మీ తర్వాతి అడుగేంటి?’ ‘క్లిప్ ముందు తీసిన ఫొటో రికార్డులో ఉంటుందా?’ ‘నాళానికి దెబ్బ తగిలితే ఎవరు సరిచేస్తారు?’ మూడోదానికి జవాబుగా కాలేయం, పిత్తనాళాల సర్జరీలో అనుభవమున్న బృందం పేరు రావాలి.

ఇంటికి వెళ్లాక నొప్పి రోజురోజుకూ తగ్గాలి. అది పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, పొట్ట ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, గాయం నుంచి పసుపు ద్రవం కారినా ఆ రోజే వెళ్లండి. అల్ట్రాసౌండ్, లివర్ ఫంక్షన్ టెస్ట్ చేస్తారు. సిస్టిక్ డక్ట్ క్లిప్ దగ్గర లీకు మాత్రమే అయితే ఎండోస్కోపీతో స్టెంట్ వేస్తే సాధారణంగా సరిపోతుంది.