ఎదురుకాళ్ళ బిడ్డను చేత్తో తిప్పొచ్చు, కానీ వారం దాటనీకండి

"మా చెల్లెలికి 36 వారాలు నిండాయి, తొలి కాన్పు. స్కాన్‌లో బ్రీచ్ అని రాశారు. తిరుపతిలో చూపిస్తున్నాం. పొట్ట మీంచి చేత్తో తిప్పుతారంట, చేయించొచ్చా, బిడ్డకేమైనా అవుతుందా?" అని కదా మీ ప్రశ్న. బ్రీచ్ అంటే ఎదురుకాళ్ళే, బిడ్డ తల పైకి, పిరుదులో కాళ్ళో కిందికి ఉండటం. తిప్పడం చేయించొచ్చు. అడగాల్సింది కూడా ఈ వారమే. తొలి కాన్పుకైతే 36 నిండాక, మలి కాన్పుకైతే 37 నిండాక చేస్తారు. దీన్ని ఆస్పత్రుల్లో ఈసీవీ అంటారు. అంతకుముందే ఎందుకు చేయరంటే, చాలామంది పిల్లలు వాళ్ళంతట వాళ్ళే తిరుగుతారు. 28 వారాలప్పుడు నలుగురైదుగురిలో ఒకరు ఎదురుగానే ఉంటారు, నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మిగులుతారు. ఏడో నెల స్కాన్‌లో ఆ మాట చూసి ఇల్లిల్లూ దిగులుపడటం అనవసరం. 36 దాటాక కూడా ఎవరూ ఏమీ అనకపోవడం, అదీ తప్పు. చాలాచోట్ల బ్రీచ్ అనగానే సిజేరియన్ తేదీ రాసిచ్చేస్తారు, తిప్పే దారొకటి ఉందని చెప్పనే చెప్పరు. మీరే నోరు తెరిచి అడగండి.

పని మొదలయ్యేది చేత్తో కాదు, మళ్ళీ ఒక స్కాన్‌తో. పోయిన వారం స్కాన్‌ను నమ్ముకుని ఎవరూ చెయ్యి వేయరు, ఈలోగా బిడ్డ తిరిగిపోయి ఉండొచ్చు. మాయ ఎక్కడుంది, ఉమ్మనీరు ఎంతుంది, కాళ్ళు మడిచి ఉందా, మొహం దాకా చాచి ఉందా చూస్తారు. తర్వాత బిడ్డ గుండె చప్పుడు కనీసం ఇరవై నిమిషాలు మిషన్ మీద రాయిస్తారు. అది సరిగ్గా ఉంటేనే ముందుకు పోతారు. ఒంటేలుకు పోయి రమ్మంటారు, నిండిన మూత్రసంచి బిడ్డకు అడ్డం. గర్భసంచి బిగుసుకోకుండా టెర్బ్యుటాలిన్ 250 మైక్రోగ్రాములు చర్మం కింద ఇస్తారు. కాసేపట్లో తల్లి గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. అది మందు గుణమే, భయపడొద్దు. గుండె జబ్బుగానీ, ఎక్కువగా పనిచేసే థైరాయిడ్‌గానీ ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

ఇక చేతులు. పక్కటెముకల కింద గట్టిగా, గుండ్రంగా, చిన్న టెంకాయలా తగిలేది తల. వేలితో తడితే అదొక్కటే ఊగుతుంది, ఒళ్ళు కదలదు. కింద మెత్తగా, వెడల్పుగా ఉండేవి పిరుదులు, వాటిని కదిపితే ఒళ్ళంతా కదులుతుంది. పొట్ట మీద జెల్లో పౌడరో వేస్తారు, లేకపోతే చెయ్యి జారదు, చర్మం పట్టి లాగినట్టుంటుంది. చేసేవాళ్ళు ముందు పట్టుకోవాల్సింది తలను కాదు. ఒక చెయ్యి పొత్తికడుపు ఎముక పైన దించి, పిరుదుల్ని కటిలోంచి, అంటే నడుం కింది ఎముకల గూట్లోంచి, పైకి తీసి పక్కకు జరపాలి. మొత్తం పని ఇక్కడే తేలిపోతుంది. పిరుదులు కటిలోకి దిగి కూర్చుని ఉంటే పైన తలను ఎంత తోసినా లాభం లేదు. అవి పైకి వచ్చాకే రెండో చెయ్యి తల వెనక వేసి, గడ్డం ఛాతీకి ఆనేలా మెల్లగా ముందుకు దొర్లిస్తారు, పిల్లలు మొగ్గ వేసినట్టు. అటు తిరగకపోతే వెనక్కి దొర్లించి చూస్తారు. చపాతీ పిండి పిసికినట్టు కుదుపులు ఉండకూడదు, ఒకే ఒత్తిడి, వదలకుండా. బిడ్డ అడ్డం దాకా వస్తే సగం గెలిచినట్టే, అక్కణ్ణుంచి తనే జారుకుంటుంది. ఒత్తిడి మొత్తం పది నిమిషాలకు మించదు. నాలుగు ప్రయత్నాల్లో కాకపోతే ఆపేయాలి. నా లెక్కలో, ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళదే మంచి చెయ్యి.

మధ్యమధ్యలో స్కాన్ ప్రోబ్ పెట్టి బిడ్డ గుండె చూస్తారు. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాల్సింది, ఒత్తిడి పడ్డాక కాసేపు పడిపోవడం మామూలే. చేతులు తీసేస్తే చాలావరకు కొద్ది నిమిషాల్లో లేస్తుంది. లేవకపోతే తల్లిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు, అప్పటికీ కాకపోతే థియేటర్‌కే. ఇలా వెంటనే సిజేరియన్ చేయాల్సి రావడం సుమారు రెండొందల మందిలో ఒకరికి. తక్కువే, కానీ లేకపోలేదు. అందుకే థియేటరూ, మత్తు డాక్టరూ అదే బిల్డింగులో లేని నర్సింగ్ హోముల్లో దీన్ని చేయించొద్దు. ఎస్వీ మెడికల్ కాలేజీకి చెందిన ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలో అడిగినా, ప్రైవేటులో అడిగినా మొదటి ప్రశ్న ఇదే అడగండి: "ఇక్కడ తిప్పే డాక్టరు ఎవరు, ఆ పూట థియేటర్ ఖాళీగా ఉంటుందా?" తల్లికి నొప్పి ఉంటుంది, గట్టిగానే. తట్టుకోలేనంత ఉంటే "ఆపండి" అనాలి, ఓర్చుకోవడం గొప్పేం కాదు. మాయ ఊడితే మొదట తెలిసేది తగ్గని నొప్పితోనో, రక్తంతోనో. అయ్యాక మళ్ళీ అరగంట పైనే మిషన్. తల్లిది నెగెటివ్ గ్రూప్ అయితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్. హడావిడిలో ఎవరూ గుర్తుచేయకపోతే మీరే గుర్తుచేయండి.

మాయ కిందికి ఉన్నవాళ్ళకు, వారంలోపు రక్తం కనబడినవాళ్ళకు, ఉమ్మనీరు పోయినవాళ్ళకు, కవలలకు చేయరు. పాత సిజేరియన్ ఉంటే డాక్టరును బట్టి. అందరికీ తిరుగుతుందనీ లేదు: తొలి కాన్పులో నూటికి నలభై, మలి కాన్పులో అరవై అనుకోండి. తొలిసారి పొట్ట కండ బిగువుగా ఉంటుంది. మాయ ముందువైపు ఉంటే, నీరు తక్కువైతే, కాళ్ళు బద్దల్లా చాచుకుని ఉంటే ఇంకా కష్టం. తిరిగినవాళ్ళలో మళ్ళీ వెనక్కి తిరిగేది నూటికి ఐదుగురు కూడా ఉండరు.

పల్లెల్లో ఆముదం రాసి పొట్ట రుద్దే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళ చేతి మీద నాకు చిన్నచూపు లేదు, కానీ మాయ ఎక్కడుందో వాళ్ళకు కనిపించదు, గుండె పడిపోతే తెలీదు. వద్దు. మోకాళ్ళ మీద వంగే వ్యాయామం చేసుకుంటే చేసుకోండి, బిడ్డ తిరుగుతుందనడానికి రుజువు లేదు. పడుకుని పక్క మారేటప్పుడు లేచి కూర్చుని తిరగాలి, లేకపోతే పేగు మెడకు చుట్టుకుంటుందని రాత్రంతా ఆ పిల్లను లేపే పెద్దవాళ్ళకు ఓ దండం.

తిరగకపోతే సిజేరియన్, సాధారణంగా 39వ వారంలో. ఇలాంటి బిడ్డకు సిజేరియనే క్షేమమని 2000లో టర్మ్ బ్రీచ్ ట్రయల్ అనే పెద్ద అధ్యయనం చెప్పాక ఎదురుకాళ్ళ కాన్పు చేసే చేతులే తగ్గిపోయాయి. ముహూర్తం కోసం 37లోనే కోయించుకోవద్దు, ఆ రెండు వారాలు ఊపిరితిత్తులకు కావాలి. ఈలోగా నీళ్ళు పోతే నొప్పుల కోసం ఇంట్లో కూర్చోవద్దు. బిడ్డ పాదాలు కిందికి ఉంటే బొడ్డుతాడు ముందు జారొచ్చు. తాడు కనిపిస్తే 108 వచ్చేదాకా తల్లిని మోకాళ్ళు, మోచేతుల మీద వంచి, నడుము పైకి ఉంచి, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. భాకరాపేట ఘాట్ దాటి రావాల్సిన ఊళ్ళవాళ్ళు చివరి వారాలు తిరుపతిలోనే ఎవరింట్లోనైనా ఉండటం మేలు. కుప్పం వైపువాళ్ళకు తిరుపతి కంటే బెంగళూరే దగ్గర, అటే చూసుకోండి.

ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళు తొక్కితే నడుం పట్టు పోతుందని మనవాళ్ళు అంటారు గానీ, ఆ బిడ్డ తుంటినే ముందు చూపించాలి. చివరి నెలలో ఎదురుగా ఉన్న పిల్లలకు తుంటి కీలు జారే అవకాశం ఎక్కువ. తిప్పాక తలతోనే పుట్టినా సరే, ఆరు వారాలప్పుడు తుంటికి అల్ట్రాసౌండ్ తీయించండి.