నలభై రోజులు మొదలుపెట్టే ముందు

ఒంగోలు

అబ్బయ్యా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఈస్టర్ ముందు ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నుంచి నలభై రోజులు ఒట్టి నీళ్ళ మీదే ఉపవాసం ఉంటావనీ, శుక్రవారాలు ఆ నీళ్ళు కూడా ముట్టవనీ చెప్పింది. వినగానే సంతోషమే వేసింది. ఈ వయసులో ఆత్మ సంగతి పట్టించుకునేవాళ్ళు ఎంతమంది? కృష్ణపట్నం పోర్టు యార్డులో నువ్వు చేసే పని గుర్తొచ్చాకనే నిద్ర పట్టలేదు.

నీళ్ళు మానొద్దు. శుక్రవారం కూడా. ఎండలో బరువు పనికి గంటకు లీటరు దాకా చెమట పోతుంది. మూత్రం ముదురు పసుపుకు తిరిగిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. డ్యూటీ రోజు కనీసం నాలుగు లీటర్లు, అందులో రెండు గ్లాసులు ఉప్పేసిన పల్చటి మజ్జిగ. మజ్జిగ తాగితే ఉపవాసం చెడిపోతుందని ఎవరన్నా అంటే వాళ్ళతో వాదన పెట్టుకోవద్దు, తాగు.

మోషే, ఏలీయా, ప్రభువు నలభై రోజులు తినకుండా ఉన్నారు కదా అంటావు. ఏలీయా ప్రవక్త సంగతి బైబిల్లో మొదటి రాజులు పందొమ్మిదో అధ్యాయంలో మళ్ళీ చదువు. చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్న మనిషికి దేవదూత ముందు ప్రసంగం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టాడు. తిని పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. ఆ రెండు భోజనాల బలంతోనే నలభై రోజులు హోరేబు దాకా నడిచాడు.

ఇంక అసలు సంగతి. మన సంఘాల్లో చాలా పాత తప్పు ఒకటుంది, నీ ఉపవాసం దాని మీదే నిలబడిందేమోనని నా భయం. పౌలు గలతీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో ‘శరీరము ఆత్మకును ఆత్మ శరీరమునకును విరోధముగా’ అని చదువుతాం. చదివి, ఈ ఒళ్ళే మన శత్రువు, దీన్ని ఎండగడితే ఆత్మ బలిసిపోతుంది అనుకుంటాం. పౌలు అక్కడ రాసిన గ్రీకు మాట సార్క్స్. దేవుణ్ణి పక్కన పెట్టి తన ఇష్టం వచ్చినట్టు బతకాలనుకునే స్వభావం అది. రోమా పన్నెండులో ‘సజీవ యాగముగా మీ శరీరములను’ అన్నచోట మాట వేరు, సోమ. అంటే ఈ చేతులూ కాళ్ళూ ఉన్న ఒళ్ళు. మన తెలుగు బైబిల్లో రెండుచోట్లా శరీరమనే వచ్చింది. అక్కడే మనవాళ్ళు జారిపడ్డారు. దేవుడు నాకివ్వమని అడిగినదాన్నే శత్రువనుకుని కొట్టుకుంటారు.

నమ్మకం కుదరకపోతే గలతీ అయిదు 19 నుంచి 21 దాకా వేళ్ళ మీద లెక్కపెట్టు. శరీరకార్యాలు పదిహేను. అందులో ద్వేషాలు మొదలు అసూయల దాకా ఎనిమిది; ఆ రెంటి మధ్య కలహం, మత్సరం, క్రోధం, కక్ష, భేదాలు, విమతాలు. ఇవేవీ అన్నం తినడం వల్ల రావు, మానడం వల్ల పోవు. పైగా కడుపు ఖాళీగా ఉన్నప్పుడు క్రోధం ఇంకా తొందరగా వస్తుంది. మూడో రోజో నాలుగో రోజో అమ్మ మీద విసుక్కుంటావు చూడు. కొలస్సీ రెండు చివర పౌలు ఈ దేహశిక్ష సంగతే ఎత్తి, చూపుకు జ్ఞానంలా ఉంటుంది గానీ లోపలి ఆశను అణచడానికి పనికిరాదన్నాడు.

‘నా శరీరమును నలగగొట్టి’ అని ఆ పౌలే అన్నాడు కదా అంటావు. అది పరుగు పందెపువాడి పోలిక. పందెపువాడు తిండీ నిద్రా అదుపులో పెట్టుకుంటాడు, కాలు మాత్రం విరగ్గొట్టుకోడు. ఈ తేడా తెలియక, మందులు మానడమే విశ్వాసమనీ, నిద్ర మానడమే భక్తి అనీ అనుకుంటారు. పదకొండో రోజు కళ్ళు తిరిగి పడిపోతే ‘దేవుడు నన్ను ఒప్పుకోలేదు’ అని గుడికి రావడమే మానేస్తారు. నీ విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం అదే, నాయనా.

మన ఊరి చరిత్రే చూడు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న జనానికి పని, కూలి ఇప్పించాడు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఇవ్వకుండా ఆపాడు, కూటి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని. ఆ తర్వాతే, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంటికి కూడు పెట్టాడు, ఆత్మను కూటితో కొనలేదు. మన ప్రార్థన కొండ ఎక్కినప్పుడల్లా నాకు ఆ రెండూ కలిసే గుర్తొస్తాయి.

కాబట్టి ఇట్లా చెయ్యి. డ్యూటీ రోజుల్లో ఒక పూట మాను, ఉదయమో మధ్యాహ్నమో. వారం సెలవు నాడు పొద్దున నుంచి సాయంత్రం ఆరు దాకా ఉండు. ఆదివారాలు ఉపవాసం లేదు. ఈస్టర్ దాకా మొత్తం 46 రోజులు, అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై.

వరసగా అయిదు రోజులు మించి తిండి లేకుండా ఉన్నవాడు ఒక్కసారిగా అన్నం, స్వీట్లు తింటే ప్రాణం మీదికి రావచ్చు. ఒంట్లో ఇన్సులిన్ పెరిగి రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం కణాల్లోకి లాగేసుకుంటుంది, గుండె లయ తప్పుతుంది. ఆస్పత్రిలో కూడా అలాంటివాళ్ళకు కొంచెం కొంచెంగానే పెడతారు. నువ్వు అంత దూరం పోవద్దు. సాయంత్రం విరమించేటప్పుడు కూడా ముందు అర గ్లాసు గంజి, అరగంట ఆగి అన్నం.

మానేసిన పూట ఖాళీ అయిన సమయమే నీ అసలు ఉపవాసం. ఆ అరగంటా ఫోన్ చూస్తే ఒట్టి ఆకలే మిగులుతుంది. నాలుగు సువార్తలూ కలిపి 89 అధ్యాయాలు. రోజుకు రెండు చొప్పున నలభై రోజులకు ఎనభై, మిగిలిన తొమ్మిదీ ఆదివారాల్లో. పైకి చదువు, కళ్ళతో చదివితే నాలుగో రోజుకే నిద్ర ముంచుకొస్తుంది. ఒక్క వచనం కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకో. కడుపు కాలినప్పుడల్లా దాన్ని తీసి చదువుకుని ప్రార్థించు. క్యాంటీన్‌లో మిగిలిన డబ్బు ఒక డబ్బాలో వెయ్యి. యార్డులో ఊరుగాని ఊరొచ్చి పనిచేసే కూలీలు ఉంటారుగా, వాళ్ళలో ఒకడికి శనివారం భోజనం పెట్టించు. యెషయా 58 అడిగేది అదే. ఉపవాసం సంగతి మీ ఫోర్‌మన్‌కు తప్ప ఇంకెవరికీ చెప్పొద్దు. తల దువ్వుకుని, గడ్డం గీసుకుని డ్యూటీకి పో.

మీ నాన్న కూడా నీతో ఉంటానంటున్నాడట. ఒద్దు. షుగర్ మాత్ర వేసుకుని తిండి మానితే షుగర్ 70 కిందికి దిగిపోవచ్చు: చల్లటి చెమట, వణుకు, మాట తడబాటు. అట్లా జరిగితే వెంటనే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించు, పావుగంటకు మళ్ళీ చూడు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యి. వాడు తినకుండా ఉండలేనందుకు బాధపడితే, రోజూ రాత్రి నీతో కూర్చుని ఆ రెండు అధ్యాయాలూ వినమను.

ఆదివారం లోపల మీ నాన్న వేసుకునే మాత్రల అట్టలు ఫోటో తీసి నాకు పంపు. నీ షుగర్ కూడా ఒకసారి పరగడుపున చూపించుకో.

మీ పెదనాన్న